వ్యాధిశేషము – గర్భాశయముఖ చికిత్స తరువాత ఏమి చేయవలెను?

అప్పును, నిప్పును, పగను శేషముంచరాదని మన పెద్దలు చెప్పుదురు. వ్యాధిని గూడ ఆ వరుసలో చేర్చుట కలదు. పొయ్యిలో బూడిద క్రింద ఒక్క నిప్పుకణిక మిగిలినను గాలి వీచినప్పుడు రాజుకొనును. స్త్రీలకు వచ్చు ఒక వ్యాధి విషయములో ఈ మాట అక్షరాల నిజము. గర్భాశయముఖమున కాన్సరు పుట్టుటకు ముందు అక్కడి కణములలో కొన్ని మార్పులు కలుగును. ఆ దశలోనే కనుగొన్నచో చికిత్స సులభము, చాలవరకు సఫలము. అయినను చికిత్స పొందినవారిలో కొందరికి ఆ మార్పు మరల కనిపించుచున్నది. ఇది ఎందువలన కలుగును, దానిని ఎట్లు కనిపెట్టవలెను అను విషయమును ఈ ప్రసంగములో వివరింపదలచినాము.

ముప్పదియెనిమిదేండ్ల గృహిణి నొకతెను ఊహింపుడు. ఊరికి వచ్చిన వైద్యశిబిరములో పరీక్ష చేయించుకొన్నది. ఏదో లోపము కనిపించినదని పట్టణమునకు పంపినారు. అక్కడి డాక్టరుగారు కొద్ది నిమిషముల చికిత్సతో చెడిన భాగమును తొలగించి, "ఏడాది తిరిగిన వెంటనే మరల రావలెనమ్మా" అని చెప్పి పంపినారు. ఏడాది తిరుగునప్పటికి వరికోతలు వచ్చినవి. పిల్లవాని పరీక్షలు వచ్చినవి. అత్తగారికి జబ్బు చేసినది. ఒంటిలో బాధ ఏమియు లేదు. "బాగుగనే యున్నాను గదా, మరల బస్సుఖర్చు ఎందులకు?" అని ఆమె ఊరకున్నది. ఆమెను తప్పుపట్టుటకు మేము ఈ మాట చెప్పుటలేదు. బాధ లేనప్పుడు వైద్యుని వద్దకు పోవుట ఎవరికిని అలవాటు కాదు. కాని ఈ వ్యాధి స్వభావము తెలిసినచో ఆమె ఆ బస్సు ఎక్కియుండెడిది.

గర్భాశయము మెడవలె సన్నబడి యోనిలోనికి తెరుచుకొను భాగమును గర్భాశయముఖము అందురు. దాని వెలుపలి భాగమును చర్మమువంటి పలుపొరల కణజాలము కప్పియుండును. లోపలి దారిని ఒకే వరుసలోనున్న సున్నితమైన కణములు కప్పియుండును. ఈ రెండును కలిసికొను సరిహద్దు జీవితమంతయు ఒకే చోట నుండదు; వయసుతోను, గర్భధారణతోను జరుగుచుండును. సరిహద్దు జరిగిన మేర కణములు రూపము మార్చుకొనును. వైరసు పాదుకొనుటకు ఆ చోటు మిక్కిలి అనుకూలము.

ఆ వైరసు పేరు హ్యూమన్ పాపిల్లోమా వైరసు, క్లుప్తముగా హెచ్.పి.వి. అందురు. దీనిలో రెండువందలకు పైగా రకములు కలవు. కొన్ని రకములు చేతులమీదను కాళ్ళమీదను పులిపిరులు పుట్టించును. కాన్సరుకు దారితీయగలవి పండ్రెండు పదునాలుగు రకములు మాత్రమే. వానిలో 16, 18 సంఖ్యలు గల రెండు రకములే గర్భాశయముఖ కాన్సర్లలో నూటికి 70 వంతులకు కారణము. జర్మను శాస్త్రజ్ఞుడు హరాల్డ్ త్సుర్ హౌజెన్, ఆయన సహచరులు 1983లో 16వ రకమును, మరుసటి ఏట 18వ రకమును ఈ కాన్సరు కణజాలములో గుర్తించి చూపిరి. ఆ పరిశోధనకు ఆయన 2008లో నోబెల్ బహుమానము పొందెను.

పేరు వినగానే భయపడవలసిన పని లేదు. దాంపత్య జీవితము గడపు స్త్రీపురుషులలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరసు సోకును. పదింట తొమ్మిదిమందికి రెండేండ్లలోపల శరీరములోని రోగనిరోధక శక్తియే దానిని అణచివేయును. సోకినట్లు గాని, పోయినట్లు గాని వారికి తెలియనే తెలియదు. మిగిలిన కొద్దిమందిలో వైరసు తిష్ఠవేయును. కణజాలపు అడుగు పొరలో చేరి, అక్కడ పుట్టు క్రొత్త కణముల పెరుగుదలను అదుపు తప్పించును. ఈ మార్పును వైద్యులు మూడు తరగతులుగా విభజించుదురు. మొదటి తరగతి చాలవరకు తనంతట తానే మానును. రెండవ, మూడవ తరగతులకు సాధారణముగా చికిత్స చేయుదురు. చికిత్స లేకుండ విడిచినచో కొందరిలో అది పది యిరువది ఏండ్లకు కాన్సరగును. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో ఈ గడువు ఇంకను తగ్గవచ్చును.

కాన్సరుకు ముందున్న ఈ దశలో నొప్పి లేదు, జ్వరము లేదు. తెల్లబట్టయు, నడుమునొప్పియు దీని గుర్తులు కావు. పరీక్ష చేసినగాని తెలియదు. గ్రీసు దేశమున పుట్టి అమెరికాలో స్థిరపడిన జార్జి పాపనికొలావ్ అను వైద్యుడు, హెర్బర్ట్ ట్రౌట్ అను స్త్రీవైద్యునితో కలిసి 1941లో, ఆ భాగమునుండి తీసిన స్రావమును గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినిలో చూచి చెడిన కణములను గుర్తుపట్టవచ్చునని ప్రకటించెను. నేటి పాప్ పరీక్షకు ఆయన పేరే వచ్చినది. పలుచని ఎసిటిక్ ఆమ్లము, అనగా వెనిగరులోని పులుపు ద్రవము, అద్ది తెల్లబారు భాగమును కంటితో చూచుట మరియొక పద్ధతి. వైరసు ఉన్నదా లేదా యని నేరుగా చూచు హెచ్.పి.వి. పరీక్ష వీని తరువాత వచ్చినది.

మార్పు ఉన్నదని తేలిన పిమ్మట చికిత్స రెండు విధములు. ఒకటి చెడిన భాగమును అక్కడనే నశింపజేయుట. మిక్కిలి చల్లని వాయువుతో గడ్డకట్టించుట, వేడి కొనతో మాడ్చుట ఈ జాతిలోనివి. రెండవది ఆ భాగమును తొలగించుట. విద్యుత్తు ప్రవహించు సన్నని తీగచుట్టుతో కోసి తీయుదురు. కొన్ని సందర్భములలో కత్తితో శంకువు ఆకారమున కోయుదురు. కోసి తీసిన ముక్కను ప్రయోగశాలకు పంపి, దాని అంచులవరకు చెడిన కణములున్నవా అని చూతురు. ఎంత లోతుగా కోసిన అంత మంచిదని తలపరాదు. లోతు కోతవలన ముందు ముందు గర్భము ధరించినప్పుడు నెలలు నిండకముందే ప్రసవమగు అవకాశము పెరుగును. కావున వైద్యుడు కావలసినంతయే తీయును. చికిత్స పొందిన స్త్రీ తరువాత గర్భవతియైనచో ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పవలెను.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. చెడిన భాగమును తీసివేసిన తరువాత అది మరల ఎట్లు వచ్చును?

మన రైతులకు తుంగ సంగతి తెలియును. కలుపు తీసిన నాడు మడి శుభ్రముగా కనిపించును. కాని నేలలో తుంగగడ్డలు మిగిలియుండును. తడి తగులగానే మరల మొలచును. ఇక్కడను జరుగునది అట్టిదే. వైద్యుడు తీసినది చెడిన కణములను. వైరసును వెదకి వెదకి తీయు కత్తి ఏదియు లేదు. చెడిన భాగము పోయినప్పుడు చాలమందిలో వైరసు గూడ దానితో పోవును, లేదా కొద్ది నెలలలో శరీరమే దానిని అణచును. కొందరిలో మాత్రము పరిసరములోని, కంటికి ఆరోగ్యముగానే కనిపించు కణజాలములో వైరసు నిలిచియుండును. అది క్రొత్త కణములను మరల చెరచును. ఇది మొదటి కారణము. కోసిన అంచున చెడిన కణములు కొన్ని మిగిలిపోవుట రెండవ కారణము. వైరసు క్రొత్తగా మరల సోకుట మూడవది.

ఇట్లు ఎంతమందికి జరుగునని అడుగవచ్చును. అనేక దేశములలో జరిగిన 97 పరిశీలనలను ఒకచోట చేర్చి, 44,000 మందికి పైగా స్త్రీల వివరములను లెక్కించి 2017లో ప్రకటించిరి. కోసి తీయు చికిత్స తరువాత నూటికి ఏడుగురికి కొంచెము తక్కువగా రెండవ లేక మూడవ తరగతి మార్పు మిగిలినట్లో, మరల వచ్చినట్లో తేలినది. అనగా తొంబదిమూడుగురు క్షేమము. ఆ ఏడుగురెవరో ముందుగా గుర్తించుటయే సమస్య. కోసిన ముక్క అంచులను చూచి చెప్పవలెనన్నచో వారిలో సుమారు సగము మంది మాత్రమే పట్టుబడుదురు. వైరసు పరీక్ష చేసినచో పదింట తొమ్మిదిమంది పట్టుబడుదురు. చికిత్స తరువాత వైరసు లేదని తేలిన స్త్రీకి వ్యాధి మిగిలియుండు అవకాశము నూటికి ఒకటికన్న తక్కువ. కావున ఆ పరీక్ష భయపెట్టుటకు మాత్రమే గాదు. ఎక్కువమందికి నిశ్చింతగా ఇంటికి పొమ్మని చెప్పుటకును.

శేషమును ఉపేక్షించినచో ఏమగునో న్యూజిలాండు దేశపు అనుభవము తెలుపుచున్నది. ఆక్లండు నగరములో స్త్రీలకు ప్రత్యేకమైన పెద్ద ఆసుపత్రి ఒకటి యుండెను. అక్కడి హెర్బర్ట్ గ్రీన్ అను వైద్యుడు, నేడు మూడవ తరగతి అని మనము చెప్పుకొను మార్పు కాన్సరుగా మారదని నమ్మెను. ఆ నమ్మకమును నిరూపించుటకై 1966 నుండి కొందరు స్త్రీలకు పూర్తి చికిత్స చేయక పరిశీలించుచు వచ్చెను. ఈ సంగతి ఆ స్త్రీలకు తెలియదు. అదే ఆసుపత్రిలోని మెకిండో మొదలగు వైద్యులు దీనిని అంగీకరింపక, 948 మంది స్త్రీల చరిత్రలను లెక్కించి 1984లో ప్రకటించిరి. చికిత్స తరువాత పరీక్షలలో దోషము కనిపించనివారు 817 మంది. వారిలో కాన్సరు వచ్చినవారు 12 మంది. దోషము కనిపించుచునే యున్నవారు 131 మంది. వారిలో కాన్సరు వచ్చినవారు 29 మంది. మొదటివారిలో నూటికి ఒకరిద్దరు. రెండవవారిలో నూటికి ఇరువదియిద్దరు. 1987లో ఇద్దరు స్త్రీలు ఈ సంగతిని పత్రికలో వెల్లడింపగా దేశమంతయు కలతచెందెను. న్యాయమూర్తి సిల్వియా కార్ట్‌రైట్ విచారణ జరిపి 1988లో నివేదిక సమర్పించెను. రోగికి తన శరీరములో జరుగుచున్నదేమో తెలిసికొను హక్కు కలదను మాట ఆ దేశపు వైద్యములో ఆ విచారణ తరువాతనే గట్టిగా నాటుకొన్నది.

ఆక్లండులో వైద్యుడు చెప్పలేదు. మన గృహిణికి వైద్యుడు చెప్పెను గాని, ఎందులకు రావలెనో వివరింపలేదు. రెండింటిలోను శేషమును కనిపెట్టువారు లేకపోయిరి. మరల రమ్మని చెప్పుట చాలదు. "మీకు చేసిన చికిత్స పనిచేసినదో లేదో తేల్చునది ఆ పరీక్షయే" అని చెప్పవలెను. మా అభిప్రాయములో ఆ పరీక్ష చికిత్స తరువాతి లాంఛనము కాదు. చికిత్సలో చివరి భాగము.

అది ఎప్పుడు చేయించుకొనవలెను? 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన సూచన ప్రకారము చికిత్స జరిగిన పండ్రెండు నెలలకు, సాధ్యమైనచో హెచ్.పి.వి. పరీక్షతో చూడవలెను. అమెరికాలోని వైద్యసంఘములు 2019లో ఏర్పరచిన పద్ధతిలో మొదటి పరీక్ష ఆరునెలలకు. పిమ్మట వరుసగా మూడు పరీక్షలలో దోషము లేదని తేలువరకు ఏటేట. ఆపైన కనీసము 25 ఏండ్లు మూడేండ్లకొకసారి. ఇన్ని ఏండ్లు ఎందులకని ఆశ్చర్యపడవచ్చును. స్వీడను దేశమున లక్షకు పైగా స్త్రీల వివరములను పరిశీలించి 2007లో ప్రకటించినదానిని బట్టి, మూడవ తరగతి మార్పుకు చికిత్స పొందినవారికి గర్భాశయముఖ కాన్సరు వచ్చు అవకాశము, కాలు శతాబ్దము గడచినను, ఇతర స్త్రీలకన్న రెండింతలకు పైగా ఉన్నది. ఆ అవకాశము మొత్తముమీద స్వల్పమే. కాని మరచిపోదగినది కాదు. మన ఊరిలో ఏ పరీక్ష దొరకునో, ఎన్నాళ్ళకు చేయించుకొనవలెనో చికిత్స చేసిన డాక్టరునే అడిగి, కాగితముపై వ్రాయించుకొనుట మేలు. ఆ కాగితమును, ముక్క పరీక్ష రిపోర్టును ఇంటి పత్రములతో పాటు భద్రపరచవలెను.

మన రెండు తెలుగు రాష్ట్రములలో మరియొక పొరపాటు ఎక్కువ. పుండు ఉన్నదనియు, అది కాన్సరగుననియు భయపడి, సరియైన పరీక్ష లేకుండనే గర్భసంచి తీయించుకొనువారు కలరు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదునైదు నుండి నలుబదితొమ్మిదేండ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి ముగ్గురు. తెలంగాణములో సుమారు ఎనిమిదిమంది. ఆంధ్రప్రదేశములో సుమారు తొమ్మిదిమంది. పైన చెప్పిన మార్పునకు చాలవరకు గర్భసంచి తీయవలసిన అవసరమే లేదు. తగిన కారణముతో తీసినను పరీక్షలు మానరాదు; వైరసు యోని పైభాగమున నిలిచియుండవచ్చును. "సంచియే లేనప్పుడు పరీక్ష ఎందులకు?" అనుకొనుట తుంగ మొలచిన మడిని చూడకుండుటవంటిది.

శేషము మిగులకుండుటకు స్త్రీ తాను చేయదగిన పనులును కొన్ని కలవు. పొగాకు మానవలెను, పొగ త్రాగువారిలో వైరసు తొందరగా వదలదు. ఉత్తరాంధ్ర తీరమున అడ్డపొగ త్రాగు స్త్రీలకు నోటి కాన్సరు వచ్చునని అందరును విన్నదే. పొగవలన గర్భాశయముఖమునకు గూడ హాని కలదని తెలియవలెను. చికిత్స తరువాత డాక్టరు చెప్పినన్ని వారములు భార్యాభర్తలు దూరముగా ఉండవలెను. ఆపైన నిరోధ్ వాడుట కొంత రక్షణ. హెచ్.ఐ.వి. ఉన్నవారు ఆ మందులను మానక వాడుచు, పరీక్షలకు మరింత శ్రద్ధగా రావలెను. టీకా సంగతి పలువురు అడుగుదురు. టీకా ముందున్న వైరసును పోగొట్టదు. క్రొత్తగా సోకకుండ కాపాడును. దాని ప్రయోజనము ఎక్కువగా పొందవలసినవారు తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల వరకు గల ఆడపిల్లలు. చికిత్స పొందిన స్త్రీకి టీకా ఎంతవరకు ఉపకరించునను విషయమున వైద్యులలో ఏకాభిప్రాయము లేదు. డాక్టరుతో చర్చించి నిర్ణయించుకొనవచ్చును.

చెప్పుటకు కొంత సంకోచము కలిగించు మాట ఒకటి మిగిలినది. కాని అది చెప్పక విడుచుట తప్పు. ఈ వైరసు సంసర్గమువలన సోకునని వినగానే, "ఎవరివలన వచ్చినది?" అను ప్రశ్న ఇంట పుట్టును. ఆ ప్రశ్నకు భయపడియే మరల ఆసుపత్రికి పోవని స్త్రీలు కలరు. వైరసు ఒంటిలో ఏండ్లతరబడి కనిపించక అణగియుండి, తరువాత బయటపడవచ్చును. పెండ్లియైన క్రొత్తలో సోకినది ఇరువదేండ్లకు పరీక్షలో తేలవచ్చును. చికిత్స తరువాత మరల కనిపించినదన్నచో అది పాతదే మిగిలియుండవచ్చును. కావున ఈ పరీక్ష ఎవరి శీలమునకును సాక్ష్యము కాదు. ఇరువురిలో ఎవరిని నిందించుటకును అది పనికిరాదు. భార్యకు పరీక్ష దినమును జ్ఞాపకము చేసి, ఆమె వెంట ఆసుపత్రికి పోయి, ఆనాటి ఇంటిపని తాను చూచుకొను భర్త, ఆమెకు ఏ మందును చేయలేని మేలు చేసినవాడగును.

ఇదంతయు గొప్ప నగరములకే గాని మన పల్లెలకు సాధ్యమా అను సందేహము రావచ్చును. ఒకప్పుడు హైదరాబాదు రాజ్యమున చేరియుండి, నేడు మహారాష్ట్రలో ధారాశివ్ అని పిలువబడు ఉస్మానాబాదు జిల్లాలో 1999 సంవత్సరమున ఒక మహాప్రయోగము ఆరంభమైనది. ముప్పది నుండి యేబదితొమ్మిదేండ్ల స్త్రీలు 1,31,000 మందికి పైగా, అందరును పల్లెవాసులు, దానిలో చేరిరి. ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్షకు పిలిచి, దోషమున్నవారికి చికిత్స చేసిన గ్రామములలో ఈ కాన్సరు మరణములు, పరీక్ష లేని గ్రామములతో పోల్చగా, దాదాపు సగమునకు తగ్గినవని 2009లో ప్రకటించిరి. పొలము పనులకు పోవు స్త్రీలే ఆ పరీక్షకు వచ్చిరి. కావున పల్లెలో సాధ్యము కాదను మాట నిలువదు.

2022 లెక్కల ప్రకారము మన దేశమున ఆ ఒక్క యేట 1,27,000 మందికి పైగా స్త్రీలకు ఈ కాన్సరు వచ్చినది. సుమారు 80,000 మంది మరణించిరి. వీరిలో అధికసంఖ్యాకులు ఒక్కసారియైనను పరీక్షకు నోచుకొననివారు. పరీక్షయు, చికిత్సయు పొందినవారు అదృష్టవంతులు. వారికి మిగిలినది ఒక్క చిన్న పని. మీ ఇంట గాని, మీ వీధిలో గాని ఇట్టి చికిత్స పొందిన సోదరి యున్నచో, ఆమెను ఒక్క మాట అడుగుడు: "ఏడాదికి రమ్మన్నారు గదా, పోయి వచ్చితివా?" పోయి రాలేదన్నచో ఆలస్యమైనదని విచారింపనక్కరలేదు. పండ్రెండు నెలలు దాటి మూడేండ్లైనను, అయిదేండ్లైనను ఆ పరీక్ష ఇప్పుడు చేయించుకొనవచ్చును. ఎక్కువమంది శేషము లేదను మాట వినియే ఇంటికి వత్తురు. మిగిలినవారికి ఆ శేషము చిన్నదిగా నుండగనే తీర్చుకొను అవకాశము దొరకును.